నడిమిల్లు ఖాళీ చేసిన రోజు

ఆ రోజు పొద్దున నా చేతిలో ఉన్నది ఇదీ: ముదిగుబ్బలో తాడిపత్రి బండలు పరిచిన మూడు గదుల సొంత ఇల్లు. ఆ ఇంట్లో పదకొండు మంచాలు, ఆరు రుబ్బురోళ్ళు, నాలుగు కుట్టుమిషన్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన ట్రంకు పెట్టెలు, రెండు జతల బండి చక్రాలు, తిరగని ఫ్యాన్లు, నీళ్ళు నిలవని కూలర్లు, ఎవరెవరి ఇళ్ళ నుంచో ఊడదీసిన తలుపులు. వీటి మధ్య నేను, నా భార్య హనుమంతమ్మ, మా కొడుకు సురేంద్ర. మనవరాలు పుట్టి ఐదో నెల నడుస్తోంది. ఆ పిల్ల కూడా నా లెక్కలోదే గాని, ఇంకా ఇంటికి చేరలేదు.

పాత సామాను కొనడం, అమ్మడం నా వ్యాపారం. వాన తప్పిన ఏడాది మా చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఇళ్ళకు తాళం వేసి బెంగళూరు బస్సెక్కుతారు. మోసుకుపోలేనివి అమ్ముకుని పోతారు. కొనేది నేనే. బజారులో అంగడి ఉంది గాని అది చిన్నది. అంగట్లో పట్టనిది ఇంటికి చేర్చేవాణ్ణి. మంచి ధర వచ్చేదాకా సరుకును కదిలించకూడదన్నది నా పద్ధతి. అట్లా ధర రానివన్నీ ఇంట్లోనే ఉండిపోయాయి. ఇంటి మధ్య గదిలో, మేమనే నడిమింట్లో, చివరికి మిగిలింది, మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. కోడలు గంగాదేవి కాన్పుకు పుట్టింటికి బయలుదేరిన రోజు, నిండు కడుపుతో ఆ దారిలో పట్టలేదు. పెరటి తలుపు తీసుకుని ఇల్లంతా చుట్టి వీధిలోకి వచ్చింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

బిడ్డను బేసి నెలలో ఇంటికి తేవాలి. మర్నాడు అమావాస్య, అది దాటితే ఆషాఢం. కాబట్టి ఉన్నది ఆ ఒక్క రోజే. పదిగంటల వేళకు మా వియ్యంకుడు శ్రీరంగప్ప రాయదుర్గం నుంచి బాడుగ కారులో కూతుర్నీ మనవరాలినీ తీసుకుని దిగాడు. ఆయన అక్కడ జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో కటింగ్ మాస్టరు. గుడ్డ కత్తిరించినట్టే మాట కూడా కొలిచి కత్తిరిస్తాడు.

హనుమంతమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని గడప ముందు నిలబడింది. గంగాదేవి బిడ్డను భుజాన వేసుకుని మెట్టు ఎక్కబోయింది. అప్పుడు ఎదురింటి తిప్పమ్మ కేక వేసింది.

"కదలాకండి! పురుగు! హనుమంతక్కా, నీ కాళ్ళ పక్కనే!"

మా వైపు పామును పేరు పెట్టి పిలవరు, పురుగంటారు. కాలువ పక్క నుంచి అరుగెక్కి, గడప దాటి, మా నడిమింట్లోకి జారిపోతున్న గోధుమరంగు తోకను అందరం చూశాం. జేనెడు వెడల్పు దారిలో దూరి, మంచాల కిందకు పోయి, కనిపించకుండా పోయింది. హనుమంతమ్మ చేతిలోని పళ్ళెం ఒరిగి ఎర్రనీళ్ళు ఆమె కాళ్ళ మీదే పడ్డాయి.

శ్రీరంగప్ప కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "బండెక్కమ్మా."

"ఒక్క గడియ ఆగు బావా, బయటికి తోలేస్తాం" అన్నాను.

"నాగుపామే గదా అది?"

"పడగైతే చూడలేదు."

"నేను చూసినా." ఆయన తల వంచి నడిమింట్లోకి తొంగి చూశాడు. "దీంట్లో నుంచి యాడ తోలతావు బావా? నీకే దారి ల్యాదే ఈ ఇంట్లో."

"మళ్ళా ఆషాఢం వస్తాది బావా..."

"అందుకే ఆగుతా. పొద్దు వాలేవరకు ఆగుతా. ఆ పురుగు బయటికి పొయ్యేది నేను కళ్ళారా చూడల్ల. చూస్తే పిల్లను ఇడిచి పోతా. చూడకపోతే ఇద్దరినీ ఎక్కించుకొని పోతా."

"మళ్ళా ఎప్పుడు తెస్తావు?"

"తెచ్చేదే ఉంటే గదా అడగల్ల."

సురేంద్ర నా వైపు చూశాడు. కూతురు పుట్టాక వాడు రాయదుర్గం పోయి చూసింది రెండుసార్లే. గంగాదేవి వెళ్ళి తిప్పమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, బిడ్డ ముఖానికి ఎండ తగలకుండా కొంగు పట్టింది.

పాములు పట్టే యేసన్నకు ఫోన్ చేశాం. అతను ట్రాక్టరు డ్రైవరు. పాములు పట్టడం పైసంపాదన. గోనెసంచి, ఇనుప కొక్కెం తీసుకుని బండి మీద వచ్చాడు. గడప దగ్గర నిలబడి లోపలికి టార్చి వేశాడు. వేసి, ఆర్పేశాడు.

"నారాయణన్నా, ఇది ఇల్లా, సంతా?"

"పట్టు యేసన్నా, ఎగతాళి తర్వాత."

"యాడ పట్టేదన్నా? ఒక్కో మంచం కింద పది సందులుండాయి. నాకు ఇద్దరు పిల్లలుండారు. అంతా బయటికి తియ్యి, అప్పుడొస్తా లోపలికి."

"నువ్వు పట్టేవాడివి గదప్పా!"

"పురుగును పడతా. నీ సామాను పట్టను" అని వేపచెట్టు కింద బండి ఆపుకుని, దాని మీదే వెల్లకిలా పడుకున్నాడు.

"కొట్టేది మాత్రం ల్యాదు" అంది హనుమంతమ్మ. "బిడ్డ ఇంటికొచ్చిన పూట దాని ఉసురు మనకొద్దు."

ఇక చేసేది లేక ఖాళీ చేయడం మొదలుపెట్టాం. తాడుకు కొక్కెం కట్టాం. ముందు పొడుగు కర్రతో వస్తువును మూడు దెబ్బలు కొట్టడం, కాసేపు చూడటం, కొక్కెం తగిలించి దూరం నుంచి లాగడం, వీధిలో దించి మళ్ళీ కొట్టి చూడటం. కర్ర నాది, తాడు సురేంద్రది. మొదటి మంచం బయటికి రావడానికే చాలాసేపు పట్టింది. దాని కోడు పెట్టెకు తగులుకుంది. పెట్టె కదిలితే పైనున్న ఫ్యాన్లు దొర్లి పడ్డాయి. ఆ చప్పుడుకు లోపల ఎక్కడో బుస్సుమంది. ఎటువైపో తెలియలేదు. సురేంద్ర తాడు వదిలేసి గడప అవతలికి దూకాడు.

"చెప్పులేసుకో రా!" అంది వాళ్ళమ్మ.

"చెప్పులు లోపలుండాయి మా!" అన్నాడు వాడు.

వీధిలో నవ్వులు. అప్పటికే జనం చేరారు. మంచాలు ఒక వరస, పెట్టెలు ఒక వరస, తలుపులు గోడకు ఆనించి ఒక వరస పెట్టించాను. దేని మీద గీత పడినా ధర పడిపోతుంది. చూస్తుండగానే వీధి అంగడిలా అయింది. మొదటి బేరం తిప్పమ్మదే.

"నారాయణన్నా, ఈ నవారు మంచం ఎంత?"

"పురుగుండాది తిప్పమ్మా, దూరం జరుగు."

"పురుగుండేటప్పుడే గదన్నా నువ్వు చౌకగా ఇచ్చేది."

నేను ధర చెప్పాను. తగ్గించకుండా, అంగట్లో చెప్పే ధరే చెప్పాను. అలవాటు. జనం మళ్ళీ నవ్వారు. తల తిప్పితే శ్రీరంగప్ప నన్నే చూస్తున్నాడు. మనవరాలు ఆయన ఒళ్ళో నిద్రపోతోంది.

విత్తనానికి ఉంచిన శనక్కాయల మూటలు లాగేటప్పుడు ఎలుకలు గుంపుగా బయటికి పరుగెత్తాయి. మూటల అడుగున కాయలు సగం పొట్టు అయ్యాయి. వాటి వెనక గోడ మూలకున్న పెద్ద ట్రంకు పెట్టెను లాగాక, సురేంద్ర లాగడం ఆపేశాడు.

"నాయనా, ఇది చూడు."

బండ మీద కుబుసం. తోక నుంచి తల దాకా చిరగకుండా ఉంది. తెల్లగా ఎండి, మీద దుమ్ము పేరుకుని, సాలెగూడు అల్లుకుని ఉంది. దాని పక్కన ఇంకొకటి, చిన్నది, అంతకంటే పాతది.

యేసన్న లేచి వచ్చి కొక్కెంతో ఎత్తి చూశాడు. "ఈ పొద్దు వచ్చింది కాదన్నా ఇది. పొయ్యి వస్తా ఉండాది, అంతే. ఈడనే దాని కాపురం. ఎలుకలుండాయి, మరుగుండాది, అడిగేవాడు ల్యాడు. ఇంకేం కావల్ల దానికి?"

శ్రీరంగప్ప గడప దగ్గరకు వచ్చి ఆ కుబుసం చూశాడు. పెట్టె ఉన్న చోటును చూశాడు. పెట్టె పక్కనే కొడుకూ కోడలూ పడుకునే గది తలుపు.

"గంగా" అన్నాడు కూతురితో. "నువ్వు కడుపుతో ఉన్నప్పుడు ఈడనే గదమ్మా పడుకొనింది?"

"ఊ" అంది ఆమె.

 కారు డ్రైవరును పిలిచి ఆయన ఏదో చెప్పాడు. డ్రైవరు కారును వీధి మొదటి వైపుకు తిప్పి పెట్టాడు. అది చూశాక నేను కర్ర వేగంగా ఆడించాను.

మధ్యాహ్నానికి చివరి మూల వచ్చింది. అక్కడ కపిల బాన ఉంది. ఇప్పటి పిల్లలు దాన్ని చూసి ఉండరు. కరెంటు మోటార్లు రాకముందు ఎద్దుల చేత బావి నీళ్ళు తోడించిన పెద్ద ఇనుప తొట్టి అది. కింద ఏనుగు తొండంలా పొడుగాటి తోలు గొట్టం. నీళ్ళు పైకి వచ్చాక ఆ తొండంలో నుంచి కాలువలోకి పడేవి. మా మండలంలో బావులే ఎండిపోయాయి, ఇక కపిలలు ఎక్కడివి. ఉన్న ఒకటీ నా దగ్గరుంది, తోలు చెడకుండా. బెంగళూరు దారిలో హోటలు పెట్టుకున్న ఒకాయన అలంకారానికి అడిగాడు. చెప్పిన ధర నచ్చక నేను ఇవ్వలేదు. రెట్టింపు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. ఏడాదికి రెండుసార్లు దానికి ఆముదం పూసేవాణ్ణి.

సురేంద్ర నా చేతిలోని కర్ర అందుకుని ఎత్తాడు.

"తొట్టి మీద కొట్టు. తోలు మీద వద్దు, పగులుతాది" అన్నాను.

వాడు ఇనుము మీద కొట్టాడు. గణగణమంది. తొట్టి మూతిలోకి టార్చి వేసి చూశాం. ఏమీ లేదు. జాగ్రత్తగా లాగి, మిగతా వరసలకు దూరంగా, వీధి అంచున పెట్టించాను.

నడిమిల్లు ఖాళీ అయింది. మా పెళ్ళయిన తర్వాత ఆ గది నాలుగు గోడలూ ఒకేసారి కనిపించడం అదే మొదటిసారి. యేసన్న చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. మూల మూలా వెతికాడు. పక్క గది, వంటిల్లు, అటక అన్నీ చూశాడు. వెనక గోడ అడుగున ఎలుకలు తవ్విన కన్నం కనిపించింది. దాంట్లో కొక్కెం దూర్చితే అవతల పెరట్లో తేలింది.

"పొయ్యింది" అన్నాడు. "మనం దబదబా కొడతాంటే దీంట్లో దూరి పొయ్యింది."

"నువ్వు చూసినావా పొయ్యేది?" శ్రీరంగప్ప అడిగాడు.

"పొయ్యేది చూడలేదప్పా. ఇంట్లో ల్యానిదైతే చూసినా."

"నేను చూడల్లని గదా చెప్పినా."

"నువ్వు చూడల్లంటే అది మళ్ళా వచ్చి నీకు చెప్పి పోతాదా?" అని యేసన్న కన్నంలో రాళ్ళు కొట్టి, తన కూలి తీసుకుని, ట్రాక్టరు పని ఉందంటూ వెళ్ళిపోయాడు.

శ్రీరంగప్ప గడప దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు, బయలుదేరనూ లేదు. ఎండ మండుతోంది. మనవరాలు నిద్ర లేచి ఏడుపు ఎత్తుకుంది. ఒళ్ళంతా చెమటకాయలు. అప్పుడు గంగాదేవి అంది: "లోపల బండలు సల్లగుంటాయి నాయనా. పొద్దు వాలేవరకు ఉంటామంటివి గదా, ఆ కాసేపు నీడన ఉండనీ."

హనుమంతమ్మ మళ్ళీ ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీసింది. కోడలు కుడికాలు పెట్టి లోపలికి వచ్చి, నడిమింటి మధ్యలో దుప్పటి మడతేసి పరిచి, బిడ్డను పడుకోబెట్టింది. చల్లదనానికి బిడ్డ ఏడుపు ఆపింది. శ్రీరంగప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మాటిమాటికీ వాకిలి బయట నీడ ఎంత సాగిందో చూస్తున్నాడు. ఆయన మనసు కుదరలేదని తెలుస్తూనే ఉంది. అడిగింది ఒకటి, చూపించింది ఇంకొకటి. నేను కొనుగోలుదారునైతే ఆ బేరం ఒప్పుకోను.

అయినా బిడ్డ లోపలికి వచ్చేసింది గదా అనుకున్నాను. సగం బేరం తెగినట్టే. ఆ ధైర్యంతో వీధిలోకి వచ్చి సామాను చూసుకున్నాను. కపిల బాన ఎండలో ఉంది. తోలు ముట్టుకుంటే చుర్రుమంది. ఇంకో గంట ఉంటే ముడుచుకుపోతుంది. ఇన్నేళ్ళు కాపాడింది ఒక్క పూటలో పోతుంది. దాన్ని భుజానికి ఎత్తుకున్నాను. తొండం నా వీపు మీదుగా వేలాడింది. మామూలు కంటే బరువనిపించింది గాని, పొద్దున్నుంచి లాగి లాగి ఒళ్ళు అలిసిందనుకున్నాను.

అరుగు మీద హనుమంతమ్మ అడ్డం వచ్చింది. "యాడికయ్యా అది?"

"ఒక్కటేలే. మూలకు పెడతా. ఎండకు తోలు పోతాది."

"మొదలుపెట్టినావా మళ్ళా?"

ఆమెను తప్పించుకుని లోపలికి పోయాను. గది ఖాళీగా ఉన్నా అలవాటు కొద్దీ పక్కకు తిరిగే నడిచాను. ఎడమ మూలన బాన దించాను. తొండం బండ మీద పొడుగ్గా పరుచుకుంది. దాని మూతి గది మధ్య వైపుకు ఉంది. నేను వెనక్కి వచ్చి వాకిలి దగ్గర నిలబడి చెమట తుడుచుకున్నాను.

తొండం కదిలింది. బరువుకు సర్దుకుంటోందనుకున్నాను. మళ్ళీ కదిలింది. తోలు మూతిలో నుంచి తల బయటికి వచ్చింది. తల వెనక మెడ, మెడ వెనక ఒళ్ళు, తొందర లేకుండా వస్తూనే ఉంది. పూర్తిగా బయటపడ్డాక మా వాసన తగిలినట్టుంది, ఆగి పడగ ఎత్తింది. దానికీ బిడ్డ పడుకున్న దుప్పటికీ మధ్య ఒక మంచం పట్టేంత చోటుంది. అంతే.

బిడ్డ కాళ్ళు గాలిలో ఆడిస్తోంది. దుప్పటికి ఈవల గంగాదేవి బిడ్డ గుడ్డలు మడత పెడుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయి. శ్రీరంగప్ప లేవబోయి సగంలో ఆగాడు.  వెనక గది గడప దగ్గర సురేంద్ర.

నా చెయ్యి పక్కకు పోయింది, కర్ర కోసమో, పలుగు కోసమో, ఏదో ఒకదాని కోసం. ఆ ఇంట్లో ఎక్కడ చెయ్యి చాచినా ఏదో ఒకటి తగిలేది. ఇప్పుడు గోడ తగిలింది.

బిడ్డ కేరింత కొట్టింది. పడగ అటు తిరిగింది.

అట్లాగే నిలిచింది. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత పడగ కొంచెం దిగింది. అది దూరడానికి చోటు వెతుక్కుంది. మంచం లేదు, పెట్టె లేదు, మూట లేదు. గోడ వెంబడి పోయింది. మూల దాకా పోయి, తల ఎత్తి చూసి, తిరిగింది. అది అటు తిరిగిన క్షణంలో గంగాదేవి దుప్పటి అంచు పట్టుకుని మెల్లగా, చప్పుడు కాకుండా, బిడ్డతో సహా తన దగ్గరకు లాక్కుంది. ఎత్తుకోలేదు. అట్లాగే బిడ్డ మీద ఒంగి ఉండిపోయింది.

పాము వెనక గోడ దాకా పోయింది. యేసన్న రాళ్ళు కొట్టిన కన్నం దగ్గర తల ఆనించి చూసింది. దారి లేదు. మళ్ళీ తిరిగి, వెలుతురు ఉన్న వైపుకు వచ్చింది. ఆ వెలుతురు వాకిలి. వాకిట్లో నేను.

నేను కదల్లేదు. ఎవరూ లోపలికి రాకుండా, ఏదీ చెయ్యి జారి పోకుండా అడ్డం నిలబడటమే నాకు తెలిసిన పని. నన్ను చూసి అది ఆగింది. తల మళ్ళీ గది లోపలికి, ఒంగి ఉన్న గంగాదేవి వైపుకు తిప్పింది.

"మామా" అంది ఆమె. గొంతు పైకి లేవలేదు. "వాకిలి ఇడువు."

నాకు అర్థం కాలేదు.

"దానికి పొయ్యేదానికి యాడుండాది దారి? నువ్వు నిలబడుండావు. తప్పుకో మామా."

నేను వాకిలి వదిలి లోపలి గోడకు వీపు ఆనించి పక్కకు జరిగాను. పాము నా పాదాల ముందు నుంచి పోయింది. దాని ఒళ్ళు బండ మీద రాసుకుంటున్న చప్పుడు విన్నాను. గడప ఎక్కింది, అరుగు దిగింది. వీధిలో కేకలు. మంచాల వరస మధ్య నుంచి పోయింది. తిప్పమ్మ నవారు మంచం ఎక్కి నిలబడింది. అది ఎవరి వైపూ చూడకుండా కాలువ దాటి, జిల్లేడు పొదల్లో దూరి, గుట్ట వైపు వెళ్ళిపోయింది.

శ్రీరంగప్ప వాకిట్లోకి వచ్చి అది కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"కళ్ళారా చూసినా బావా. బయటికి పొయ్యింది. నేనడిగింది అయిపాయ." ఆయన మూలనున్న బాన వైపు చెయ్యి చూపాడు. "దాన్ని లోపలికి మోసుకొచ్చినోడు యాడుండాడు? ఈడనే ఉండాడు గదా ఇంట్లో? గంగా, లెయ్. బండెక్కు."

గంగాదేవి బిడ్డను ఎత్తుకుని లేచింది.

"నేనూ వస్తా మామా" అన్నాడు సురేంద్ర. "రాయదుర్గంలోనే బాడుగకు ఒక గది చూసుకుంటా. యూనిట్లో ఏదో ఒక పని ఇప్పించు."

హనుమంతమ్మ నన్ను తిట్టలేదు. అరుగు మీద కూర్చుని, కొడుకు చెప్పిన మాటకు తల ఊపింది. అదే నన్ను భయపెట్టింది.

మొండి బేరగాళ్ళను ఎందరినో దారికి తెచ్చినవాణ్ణి. ఆ పూట ధర చెప్పేది నేను కాదు. కోడలు అడుగు బయట పెట్టబోతుంటే అన్నాను: "ఏం చేస్తే ఉంటావో చెప్పమ్మా."

ఆమె ఆగింది. తండ్రి వైపు కాదు, నా వైపే చూసింది.

"బయటుండేది ఏదీ లోపలికి రాకూడదు మామా."

"ఏదీ అంటే... పడుకోను మంచాలు కావల్ల గదమ్మా."

"రెండు."

"మూడు. నడుము నొప్పి మీ అత్తకు."

"అత్తకు ఒకటి, పిల్లకూ నాకూ ఒకటి. మీరిద్దరు మొగోళ్ళు చాప మీద పండుకోండి."

"పెట్టె?"

"ఒకటి. అత్త పెళ్ళి పెట్టె."

"విత్తనక్కాయలమ్మా, రేపో మాపో వాన పడితే..."

"అంగట్లో పెట్టుకో."

"అంగట్లో చోటు..."

"చోటు చెయ్యి."

"రుబ్బురోలు ఒకటన్నా..."

"మిక్సీ ఉండాది."

శ్రీరంగప్పకు కోపంలోనే నవ్వు వచ్చింది. "బావా, యముడొచ్చి నిలబడినా నువ్వు రెండు రోజులు తగ్గించమంటావు!"

"అమ్ముకోను నాకు ఒక నెల ఇయ్యమ్మా" అన్నాను.

"పొద్దు వాలేవరకు" అంది గంగాదేవి, వెళ్ళి తిప్పమ్మ అరుగు మీద బిడ్డతో కూర్చుంది.

నేను వీధిలోకి వచ్చి నవారు మంచం మీద చెయ్యి వేశాను.

"తిప్పమ్మా, ఎంతిస్తావు?"

"నన్నడుగుతావేంది? నువ్వు గదా చెప్పల్ల."

"నువ్వే చెప్పు."

"ఒంట్లో బాగుండాదా అన్నా?" అని, అర ధర కంటే తక్కువ చెప్పింది. ఇస్తానన్నాను. ఆ మాట వీధి చివరి దాకా పోయింది. తర్వాత నాకు ఊపిరాడలేదు. తలుపులు మేకల దొడ్డికి పోయాయి. కుట్టుమిషన్లు రెండు మా వీధి ఆడపిల్లలే తీసుకున్నారు. రుబ్బురోళ్ళను ఎవరూ కొనలేదు. మోసుకుపోతామంటే ఊరికే ఇచ్చాను. ఒక్కో వస్తువు పోతుంటే ఎక్కడ కొన్నదో, ఎవరు అమ్మిందో గుర్తొచ్చింది. మిగిలింది పాత ఇనుము ఆటో వాడికి తూకానికి వేశాను.

కపిల బానను మాత్రం ఊరికే ఇస్తానన్నా ఎవరూ ముట్టలేదు. దాంట్లో నుంచి అది రావడం అందరూ విన్నారు. ఆటో వాడు ఇనుము తీసుకుంటాను గాని తోలు వద్దన్నాడు. కొడవలి తెచ్చి తొండాన్ని నేనే కోశాను. ఆముదం పట్టిన తోలు, తొందరగా తెగలేదు.

పొద్దు గుట్ట వెనక్కి పోయేసరికి వీధి ఖాళీ. కారు డ్రైవరు హారన్ కొట్టాడు. శ్రీరంగప్ప వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. లోపలికి వెళ్ళి గదులు చూశాడు. కారులో నుంచి బిడ్డ గుడ్డల సంచి, పాలడబ్బా, దోమతెర తెచ్చి హనుమంతమ్మ చేతికి ఇచ్చాడు.

"ఆషాఢం పోయినాంక వస్తా బావా" అన్నాడు కారెక్కుతూ. "చెప్పి రాను."

చెప్పకుండానే వచ్చాడు. మూడుసార్లు వచ్చాడు ఇప్పటికి. వచ్చినప్పుడల్లా కాళ్ళు కడుక్కునే ముందే గదులన్నీ తిరిగి చూస్తాడు. చూసుకోనీ. సరుకు తనిఖీ చేసే హక్కు కొనేవాడికి ఉంటుంది.

లెక్క ఇప్పుడు చెప్తాను. ఆ సాయంత్రం వచ్చిన సొమ్ము నేను పెట్టిన దాంట్లో సగానికి సగం కూడా కాదు. ఆ నష్టం నష్టమే, దాన్ని ఇంకో పేరుతో పిలవను. వ్యాపారం మానలేదు. అంగట్లో పట్టేంత కొంటాను, అక్కడ చోటు లేకపోతే వచ్చిన ధరకు ముందు ఒకటి అమ్మి అప్పుడు ఇంకొకటి కొంటాను. సరుకు తొందరగా తిరుగుతోంది, నెలకు చూసుకుంటే రాబడి తగ్గలేదు. ఇంట్లో ఎలుకలు లేవు. సురేంద్ర రాయదుర్గం పోలేదు, అంగట్లో నాతోనే ఉంటాడు. మనవరాలు ఈ గోడ దగ్గర వదిలితే ఆ గోడ దాకా పాకుతుంది. మధ్యలో అడ్డం లేదు. మనుషులం ఐదుగురం, మంచాలు రెండు, పెట్టె ఒకటి. ఖర్చులన్నీ పోను, చేతిలో మిగిలింది ఇదీ.